ఆ రోజు ఏం వండుకున్నారు?

డిసెంబరు మొదటివారం వచ్చిందంటే మా ఇంట్లో గిన్నెల స్టాండు దానంతటదే మోగుతుంది. నేవీ వాళ్ళు బీచ్‌లో విన్యాసాల కోసం రిహార్సల్స్ మొదలుపెడతారు. నిన్న పొద్దున నేను అట్లు పోస్తుండగా ఒక విమానం మా సీతమ్మధార మేడల మీదుగా ఎంత కిందికి వచ్చిందంటే, కిటికీ అద్దాలు గడగడలాడాయి. పక్క ఫ్లాటు పిల్లలు కేరింతలు కొడుతూ డాబా మీదకు పరుగెత్తారు. నేను మాత్రం అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మాడు వాసనకు మా ఆయన వచ్చి స్టవ్ ఆపి, "గ్రేసమ్మ టీచరేనా మళ్ళీ?" అన్నాడు. పాపం, ఆయన ఆవిణ్ణి చూసింది ఒకటి రెండుసార్లే. నా నోటి వెంట వినీ వినీ ఆ పేరు ఆయనకు చుట్టరికమైపోయింది.

తొంభైల మధ్యలో, బీఎడ్ పూర్తిచేసి, తుని నుంచి ట్రంకుపెట్టెతో విశాఖపట్నం వచ్చి ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. నాకు ఇరవై నాలుగేళ్ళు. ప్రపంచంలో నాకు తెలియనిది ఏదీ లేదనుకునే వయసు. గ్రేసమ్మ టీచర్ సీనియర్ సోషల్ టీచర్, రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. పొట్టి మనిషి, గంజి పెట్టిన నేత చీర, చంకలో గొడుగు. ఏదడిగినా జవాబు చెప్పేవారు కారు. "నీకేమనిపిస్తోంది పద్మా?" అని తిరిగి మననే అడిగేవారు. మొదటి నెలలో ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయేది. తెలిస్తే చెప్పొచ్చు కదా, తెలియకపోతే తెలియదనొచ్చు కదా అని స్టాఫ్ రూములో గొణుక్కునేదాన్ని.

ఒకరోజు టెన్త్ క్లాసుకు రెండో ప్రపంచ యుద్ధం చెబుతున్నాను. ఆవిడ వెనక బెంచీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నేను మంచి ఊపులో ఉన్నాను. పోలెండు దగ్గర మొదలుపెట్టి, ముస్సోలినీని దింపి, హిరోషిమా మీద బాంబు వేసి, బెల్లు కొట్టేసరికి యుద్ధం ముగించాను. పిల్లలు వెళ్ళాక ఆవిడ లేచి వచ్చి, "అందరూ వచ్చారమ్మా. హిట్లరు వచ్చాడు, చర్చిల్ వచ్చాడు. మనూరే రాలేదేటి?" అన్నారు.

"మనూరేమిటి టీచర్? వైజాగ్‌కీ యుద్ధానికీ ఏం సంబంధం?"

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. నలభై రెండులో, ఏప్రిల్ ఎండల్లో, జపాను విమానాలు వచ్చి ఇక్కడి హార్బరు మీద బాంబులు వేశాయనీ, ఊరు ఊరంతా మూటలు నెత్తిన పెట్టుకుని పల్లెలకు పారిపోయిందనీ అప్పుడు చెప్పారు. నాకు తల కొట్టేసినట్టయింది. తునికి ఇదెంత దూరం! నేను చదివిన పుస్తకాల్లో ఆ యుద్ధంలో మన దేశానికి దక్కిందల్లా, "భారత సైనికులు కూడా పాల్గొన్నారు" అని ఒక ముక్క. ఎక్కడ పాల్గొన్నారు? బర్మా అడవుల్లోనా, ఇటలీ కొండల్లోనా? వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఎదురుచూశారు? వచ్చినవాళ్ళు వచ్చి ఏం చేశారు? ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టలేదంటే అబద్ధం, బాగానే నిద్రపోయాను గానీ, పొద్దున్న లేవగానే మాత్రం అదే ఆలోచన.

పిల్లల చేత వాళ్ళ తాతలనూ మామ్మలనూ అడిగించాలని ఉబలాటపడ్డాను. "బాంబులు పడ్డ రోజు ఏం జరిగింది?" అని బోర్డు మీద ప్రశ్న రాశాను. మర్నాడు వచ్చిన జవాబులు చూడాలి! ప్రతి తాత ఇంటి పక్కనే బాంబు పడింది. ఒక తాతగారి పెంకుల మీద పడి, దొర్లి, పేలకుండా బావిలో దిగింది. జపాను దగ్గర అన్ని బాంబులుండి ఉంటే యుద్ధం వాళ్ళే గెలిచేవారు. గ్రేసమ్మ టీచర్ కడుపు పట్టుకుని నవ్వి, బోర్డు మీద నా ప్రశ్న చెరిపేసి, తాను ఏటా పిల్లలను అడిగేది రాశారు: "ఆ రోజు మీ ఇంట్లో ఏం వండుకున్నారు?"

"ఇదేం ప్రశ్న టీచర్?" అన్నాను.

"ఏం జరిగిందని అడిగితే అందరూ నలుగురి దగ్గరా విన్నది చెప్తారు. ఏం వండారంటే తడుముకుంటారు. ఎవరు వండారు, బియ్యం ఎక్కడివి, తినడానికి ఎవరున్నారు, ఎవరు లేరు... అన్నీ గుర్తుకొస్తాయి."

నిజమే. బావిలో బాంబు దిగిన తాతగారు బాగా ఆలోచించి, ఆ రోజు తాము విజయనగరంలో మేనత్త కూతురి పెళ్ళిలో గుమ్మడికాయ దప్పళం తిన్నామని చెప్పారట. ఒక మామ్మ, పొయ్యి మీద ఎసరు అలాగే వదిలేసి పరుగెత్తామనీ, నెలల తర్వాత తిరిగొస్తే కుండ అడుగున బియ్యం రాళ్ళయిపోయి ఉన్నాయనీ చెప్పింది. రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి, పడవల్లో వచ్చే బియ్యం ఆగిపోయి, చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి గడిపిన ఏడాది గురించి ఇంకొకరు. కంట్రోలు బియ్యంలో రాళ్ళ గురించి ఇంకొకరు. నేను రోజూ స్కూలుకు పరుగెత్తుకుంటూ వెళ్ళేదాన్ని, ఇవాళ ఎవరింట్లో ఏం వండారో తెలుసుకోవాలని.

ఈ ప్రశ్న ఆవిడ ఎందుకు పట్టుకున్నారో కంచరపాలెంలో వాళ్ళింటికి వెళ్ళిన రోజున తెలిసింది. రైలు పట్టాల పక్క వీధి. వరండాలో వాళ్ళమ్మ మార్తమ్మగారు పాత చీరలు పరుచుకుని బొంత కుడుతోంది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, సూదిలో దారం మాత్రం తనే ఎక్కించుకుంటుంది. నన్ను ఎగాదిగా చూసి, "ఈ గుంటేనేటే నీ కొత్త టీచరు? తిండి తింతదా లేదా?" అంది. నేను కూర్చున్నానో లేదో మళ్ళీ కూతురి వైపు తిరిగి, "పాస్టరుగారొచ్చి ఎల్లేరు. నా రాయి మీద ఏటి రాయించాలో ఇంకా సెప్పవేటే?" అని అడిగింది.

నేను బిత్తరపోయాను. గ్రేసమ్మ టీచర్ మామూలుగా, "సమాధి రాయి. ముందే అనుకుని ఉంచుకుంటే మంచిదని ఆవిడ పట్టు," అన్నారు.

"ఫలానా వారి భార్య అని రాత్తారంట," అంది మార్తమ్మగారు నాతో. "భార్యనేటమ్మా నాను? మొగుడు ఒగ్గేసినదాన్నా? అది తెల్సుకోకుండా రాయి మీద అబద్ధం రాయించుకుని దేవుడి కాడికెల్లమంటావేటి?"

సంగతి ఇదీ. గ్రేసమ్మ టీచర్ తండ్రి యోహాను హార్బరులో కూలీ. పెళ్ళయ్యాక మొగుడూ పెళ్ళాలిద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో మార్తమ్మగారి పుట్టింటివాళ్ళు సబ్బవరం దగ్గర పల్లెలో ఆవిణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి, లోపలికి రానివ్వలేదు. "సచ్చినా ఈ గడప తొక్కను" అని ఒట్టేసి తిరిగొచ్చింది. బాంబులు పడ్డ రోజు యోహాను పనిలో ఉన్నాడు. ఈవిడ ఐదేళ్ళ గ్రేసమ్మను చంకనేసుకుని జనంతో పాటు ఊరు దాటింది. ఒట్టు గట్టున పెట్టి, ఆ పుట్టింటికే చేరింది. ఈసారి వాళ్ళు తలుపు తీశారు. కొన్నాళ్ళకు తిరిగొచ్చేసరికి యోహాను లేడు. చచ్చిపోయినవాళ్ళలో లేడు, బతికినవాళ్ళలో లేడు. భోగాపురం వైపున్న అత్తవారి ఊరికి కబురు పెడితే, ఇక్కడికి రాలేదన్నారు. భయపడి పారిపోయాడని కొందరు, మిలిటరీలో చేరి ఎక్కడో ఇంకో దాన్ని చేసుకున్నాడని కొందరు. యుద్ధం అయ్యాక బర్మా నుంచీ ఇరాకు నుంచీ సిపాయిలు వస్తున్నారంటే, మార్తమ్మగారు స్టేషనుకు వెళ్ళి ఒక్కొక్కరినీ ఆపి అడిగేదట. సమాధుల పండుగ వచ్చినప్పుడు అందరూ తమ వాళ్ళ సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగిస్తుంటే, ఈవిడ చేతిలో కొవ్వొత్తి పట్టుకుని గేటు దగ్గర నిలబడి వచ్చేసేదట.

బయటికొచ్చాక నాకు కోపం ఆగలేదు. "అయితే ఇన్నేళ్ళుగా పిల్లల చేత మీ నాన్నగారిని వెతికిస్తున్నారా? హోంవర్కు పేరుతో?"

"అవును," అన్నారు ఆవిడ. "తప్పంటావా?"

తప్పనాలనే అనుకున్నాను. కానీ మర్నాడు నేనే సెక్షన్లన్నిటికీ అదే ప్రశ్న ఇచ్చాను.

ఆవిడ రిటైరయ్యే ఏడాదిలోనే, జాలారిపేట నుంచి వచ్చే నూకరత్నం అనే తొమ్మిదో తరగతి అమ్మాయి నిలబడి, "మా మామ్మ నెత్తళ్ళ చేపల పులుసు వండిందంట టీచర్. దాన్ని ఒక హార్బరు మనిషి తిన్నాడంట," అని చెప్పింది. గ్రేసమ్మ టీచర్ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

ఆ ఆదివారం చర్చి అవగానే ఇద్దరం జాలారిపేట వెళ్ళాం. నూకరత్నం మామ్మ పోలమ్మ ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి వలకట్ట మీద చోటు చూపించి కూర్చోబెట్టింది. గ్రేసమ్మ టీచర్ తన సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాకైతే నాలుక దురద పుడుతోంది. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఆ పులుసు సంగతి చెప్పమ్మా," అని మాత్రం అడిగారు.

"ఓలమ్మా, దానికేటుంది? ఊరంతా పారిపోనాది. మా పల్లె అప్పుడు హార్బరు కాడే గదేటి. మేమెక్కడికెల్తాం, తెప్పలొగ్గేసి? సేపలే సేపలు, కొనీవోడు లేడు. కుళ్ళబెట్టలేక కుండలకి కుండలు వండినాను. నాకు పెళ్ళయి ఏడాది కాలేదు. బాంబులు పడ్డాక రొండ్రోజులకో ఏమో, మా మావ, నా పెనిమిటే, హార్బరు కొండ అవతల్నించి ఒకడ్ని తెప్ప మీద ఏసుకొచ్చినాడు. హార్బరోడు. బాంబులకి అటు పరిగెట్టి, హార్బరు కాలవ దాటడానికి పడవల్లేక అటే ఉండిపోనాడంట. ఆకలితో ఉన్నాడని పెట్టినాను. కంచం ముందరెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏటో గొణుక్కున్నాడు. మా మావ నవ్వినాడు, సేపలకి కూడా దండం పెడతన్నాడు అని."

అది భోజనం ముందు చేసే ప్రార్థన. గ్రేసమ్మ టీచర్ వేళ్ళు నా మణికట్టులో దిగాయి.

"మరేం మాట్లాడాడమ్మా?" అని నేనే అడిగాను, ఇక ఆగలేక.

"పెళ్ళాం, పిల్ల ఉన్నారన్నాడు. ఊళ్ళో ఎవలూ లేరయ్యా, అందరూ ఎలిపోనారని సెప్పినాం. అయితే మా యమ్మ ఊరే ఎల్లుంటాది, భోగాపురం కాడికి, అన్నాడు. పుట్టింటికెల్లిందేమోనయ్యా అన్నాను నాను. ఆడు నవ్వీసి, అది ఒట్టేసింది, సచ్చినా ఎల్దు, నాకు తెల్దేటి దాని సంగతి, అన్నాడు. ఇంకొంచెం పులుసు ఏయించుకుని తిని, సింహాచలం దారంట ఎలిపోనాడు."

ఇన్నేళ్ళయినా అంత బాగా ఎలా గుర్తుందని అడిగితే పోలమ్మ సిగ్గుపడింది. "ఆడెల్లిపోయాక మా మావ దిక్కు సూసినాను. నాను పారిపోతే ఎక్కడికెల్తానో ఈడికి తెలుస్తాదా అనుకున్నాను. తెల్దు. ఇప్పటికీ తెల్దు," అని పకపకా నవ్వింది. గ్రేసమ్మ టీచర్ లేచి, ఎండుచేపల వాసన వేస్తున్న ఆ చేతులను కళ్ళకద్దుకున్నారు. ఆ మనిషి ఎవరో అప్పుడు చెప్పారు. పోలమ్మ నవ్వు ఆగిపోయింది. "ఓలమ్మా, ఓలమ్మా" అంటూ ఆవిడ గడ్డం పట్టుకుని చాలాసేపు చూసింది.

అక్కడి నుంచి బీచ్‌కు నడిచాం. ఇసుకలో సగం కూరుకుపోయిన కాంక్రీటు గూడు ఒకటుంది, యుద్ధం రోజుల్లో తుపాకులు పెట్టుకోవడానికి కట్టింది. దాని నీడలో కూర్చున్నాం. పక్కనే ఒకాయన మిరపకాయ బజ్జీలు వేస్తున్నాడు. నాకు లోపల పండుగగా ఉంది. "వదిలేసి పోలేదు టీచర్! మీకోసమే వెళ్ళారు! పదండి, అమ్మగారికి చెబుదాం," అన్నాను. ఆవిడ కదల్లేదు.

"ఏం చెప్పమంటావు? నువ్వు ఒట్టు మీద నిలబడి ఉంటే ఆయన నీకు దొరికేవాడని చెప్పనా? ఇంతకాలం ఆయన తప్పు అనుకుంది. ఈ వయసులో తన తప్పు అనుకోమందామా?"

"తెలుసుకోవాలని అడిగింది ఆవిడే కదండీ."

"అడగడం సులువు పద్మా. నేనూ అడుగుతూనే బతికాను. దొరికితే ఎలా మొయ్యాలో ఎప్పుడైనా ఆలోచించానా?" ఆవిడ తల మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. నాకు భయం వేసింది. ఏ ప్రశ్నకూ బెదరని మనిషి ఒక జవాబు ముందు అలా కూలబడిపోతారని నేననుకోలేదు. ఏమనాలో తెలియక, ఆవిడ మాటే ఆవిడకు అప్పజెప్పాను. "మీకేమనిపిస్తోంది టీచర్?" ఆవిడ నావైపు ఉరిమి చూశారు. తర్వాత చీర దులుపుకుని లేచారు.

మార్తమ్మగారు మొత్తం విని, సూది బొంతకు గుచ్చి పక్కన పెట్టింది. మొదట అడిగిన మాట, "ఏటి కూర?"

"నెత్తళ్ళ పులుసు."

"కడుపునిండా తిన్నాడంటనా?"

"ఇంకోసారి వేయించుకున్నారంట."

"ఊఁ. పులుసంటే పేణం ఆడికి." కాసేపు పట్టాల వైపు చూసింది. ఒక గూడ్సు బండి ఇనుప ఖనిజం వేసుకుని హార్బరు వైపు వెళ్తోంది. అది పోయేదాకా ఆగి, మెల్లగా అంది. "నన్నెరిగినోడే. నా మాట మీద నమ్మకంతోనే అటెల్లినాడు. నానే మాట తప్పినాను."

"ఎందుకు తప్పావమ్మా?" అన్నారు గ్రేసమ్మ టీచర్. ఆ ప్రశ్న ఆవిడ అడగడం జీవితంలో అదే మొదటిసారి.

"గోపాలపట్నం కాడ దారులు రొండు గదే. అటు సింహాచలం మీంచి మీ మామ్మ ఊరు, శానా దూరం. ఇటు మా యమ్మోరి ఊరు, దగ్గర. మిట్టమజ్జానం. నీకు దాహమేసింది. నాలిక బయటెట్టీసి ఏలాడిపోనావు. ఏ గుమ్మం కాడా నీల్లు దొరకలేదు, నూతుల కాడ జనం జనం. ఇంకొంచెం అటు నడిత్తే నువ్వు దక్కవనుకున్నాను. ఒట్టూ లేదు గిట్టూ లేదని ఇటు తిరిగిపోనాను."

గ్రేసమ్మ టీచర్ ముఖం పాలిపోయింది. మార్తమ్మగారు అది చూసి గయ్యిమంది. "ఏటే ఆ మొకం? నీల్లడిగినందుకు నీకేటి తప్పు? నీ దాహం తీర్సడమేటి నా తప్పు? ఆ బాంబులేసినోల్లని అడుగు, ఎందుకేసినారో!" తర్వాత కూతురి తల తన ఒళ్ళోకి లాక్కుని, నాతో అంది, "ఏయమ్మా, పాస్టరుగారికి సెప్పు. భార్య అనే రాయించమను. పెద్దచ్చరాలు."

ఆ తర్వాత మార్తమ్మగారు రెండేళ్ళు బతికింది. చివరి సమాధుల పండుగకు గేటు దాటి లోపలికి వెళ్ళి, తనకోసం ఉంచిన ఖాళీ చోట్లో మొగుడి పేర కొవ్వొత్తి వెలిగించుకుంది. ఇప్పుడు అక్కడున్న రాయి మీద పెద్దక్షరాలతో "యోహాను భార్య" అని ఉంటుంది. సింహాచలం దారి పట్టిన యోహాను ఎండదెబ్బకు పోయాడో, జబ్బు చేసి పోయాడో, ఏ చెట్టు కింద పోయాడో మాకు తెలియలేదు. తెలుసుకోవాలని నాకింకా ఉంది. దేశాల లెక్కల్లో ఆయన సైనికుడు కాడు, అమరుడు కాడు, అసలు ఎవరూ కాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళమ్మ పోయిన మరుసటి ఎండాకాలం గ్రేసమ్మ టీచర్ గోపాలపట్నంలో ఆ దారులు చీలే చోట చలివేంద్రం పెట్టారు. తాటాకుల పందిరి, నాలుగు కుండలు, వట్టివేళ్ళు వేసిన నీళ్ళు. నేనూ వెళ్ళేదాన్ని. ఆవిడ పోయి చాలా ఏళ్ళయినా ఏటా ఆ పందిరి వెయ్యడం నేను మాత్రం మానలేదు. వచ్చేవాళ్ళు నీళ్ళు తాగి పోతుంటారు, నేను ఊరుకోలేక అందరినీ ఏదో ఒకటి అడుగుతుంటాను. మొన్న ఏప్రిల్లో ఒక కుర్రాడు చెమటలు కక్కుతూ బండి ఆపి, వరసగా మూడు గ్లాసులు తాగాడు. ఎక్కడికింత హడావిడి అన్నాను.

"మా యావిడ అలిగి ఎలిపోనాదండీ. పుట్టింటికెల్తన్నాను, తెచ్చుకోడానికి."

"అక్కడికే వెళ్ళిందని నీకెలా తెలుసు?" అన్నాను.

"ఇంకెక్కడికెల్తాదండీ? నాకు తెల్దేటి దాని సంగతి?"

వాడు బండి స్టార్ట్ చేయబోతుంటే గబగబా వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. "ముందు ఫోను చెయ్యి నాయనా," అన్నాను. "ఎక్కడుందో అడిగి వెళ్ళు."